సున్నం కాదు, హాల్ట్ కావాలి

సంపాదకుడికి,

ఈమధ్య మా ఊరి స్టేషన్‌కు ఒక పెద్ద అధికారి ప్రత్యేక రైల్లో తనిఖీకి వచ్చారు. వారం ముందే గోడలకు సున్నం పడింది. ఏళ్లుగా ఎండిన కొళాయిలో నీళ్లొచ్చాయి. ఆ రైలు పది నిమిషాలు ఆగింది, మేం అర్జీ ఇచ్చాం. కోవిడ్‌కు ముందు మా దగ్గర ఆగే ఎక్స్‌ప్రెస్ మాత్రం ఆ సాయంత్రమూ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

రాజులు పోయినా రాజుగారి రైలు మర్యాదలు పోలేదు. 2021 జూన్ 25న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఢిల్లీలో రైలెక్కి, సొంత జిల్లా కాన్పూర్ దేహాత్‌లోని ఝింఝక్, రూరా అనే చిన్న స్టేషన్లలో ఆగారు. 2006లో కలాం గారు డెహ్రాడూన్ వెళ్లాక, పదిహేనేళ్లకు ఒక రాష్ట్రపతి రైలెక్కడం అదే. పాత పరిచయస్తులను పలకరించారు, సంతోషం. ఝింఝక్‌లో ఆయన ప్రస్తావించిందీ మా సమస్యే. రైలు ఆగలేదన్న కోపంతో దాన్ని అడ్డుకున్నా, తగలబెట్టినా ఆ నష్టం పన్ను కట్టేవాళ్లదేనన్నారు. తన 5 లక్షల జీతంలో 2.75 లక్షలు పన్నుకే పోతోందనీ చెప్పారు. ఇక జనమంతా ఆ జీతం లెక్క మీద పడ్డారు. తగలబెట్టడం తప్పే, కాదనం. ఆగని రైలు సంగతి మాత్రం అక్కడే ఉండిపోయింది.

2023 నవంబర్ 21న ద్రౌపది ముర్ము ఒడిశాలోని బాదంపహాడ్‌లో టాటానగర్, రూర్కెలా, షాలిమార్‌లకు మూడు కొత్త రైళ్లకు పచ్చజెండా ఊపి, రాయ్‌రంగ్‌పూర్ దాకా తానూ రైల్లోనే వెళ్లారు. వాటిలో రెండు వారానికోసారి నడిచేవే. అయినా ఆమె దిగి వెళ్లాక ఊళ్లకు రైలంటూ మిగిలింది. (ఆవిడ సొంత ప్రాంతం కాబట్టి అంటారా? మా ఊరి నుంచి ఇంకా ఎవరూ రాష్ట్రపతి కాలేదు మరి.)

మా దగ్గర టికెట్లు అమ్ముడుకావట, అందుకే హాల్ట్ లేదట. ఆగని రైలుకు టికెట్ ఎవరు కొంటారు? ఆటోలో పక్క టౌనుకు పోయి అక్కడ కొంటున్నాం. మా డబ్బు ఆ స్టేషన్ లెక్కలో పడుతోంది, మా స్టేషన్‌కు సున్నా పడుతోంది.

అందుకే వచ్చే తనిఖీకి అధికారి ప్రత్యేక రైల్లో కాకుండా ఆ ఎక్స్‌ప్రెస్‌లోనే రావాలని మరో అర్జీ పెట్టాం. ఆయన దిగడానికైనా అది ఆగాలి కదా.

– ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు