పైథాన్ 3.13 ప్యాకేజీ కబుర్లు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? పైథాన్ 3.13 మా సర్వర్లకి ఎక్కిందా, ఎక్కితే ఆ కొత్త ప్రాంప్ట్ (పైథాన్ తెరవగానే కోడ్ కొట్టుకోవడానికి వచ్చే చోటు) సంగతేంటి అని అడిగావు కదా. ఎక్కించాం. మెసేజ్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు ప్రాంప్ట్ గురించే చెప్తా. పాతదాంట్లో పది లైన్ల ఫంక్షన్ కొట్టాక నాలుగో లైన్లో వేరియబుల్ పేరు తప్పని తెలిస్తే ఏం చేసేవాళ్లం? పై బాణం నొక్కుతూ ఒక్కో లైనూ వెతుక్కుంటూ మొత్తం మళ్లీ కట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్కసారి నొక్కితే ఫంక్షన్ ఫంక్షనంతా వచ్చేస్తుంది. అందులోకి దూరి ఆ పేరు దిద్ది, చివరికొచ్చి ఎంటర్ కొట్టడమే. ఎఫ్3 నొక్కితే పేస్ట్ మోడ్, మధ్యలో ఖాళీ లైన్లున్న కోడ్ కూడా విరిగిపోకుండా దిగుతుంది. ఎఫ్2 నొక్కితే ఇందాకటి నుంచి కొట్టినదంతా ఆ మూడు బాణాల గుర్తులూ, అవుట్‌పుట్టూ లేకుండా కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, నేరుగా కాపీ చేసి ఫైల్లో పెట్టుకోవచ్చు. ఎర్రర్లకి రంగులొచ్చాయి. ఇక ‘ఎగ్జిట్’ అని కొడితే బయటికి వెళ్లిపోతుంది! ఇన్నాళ్లూ బ్రాకెట్లు పెట్టమని మనకి పాఠం చెప్పేది కదా, అది మానేసింది.

ఇదంతా కొత్తగా రాసింది కాదు. పైపై (పైథాన్‌నే నడిపే ఇంకో ప్రోగ్రామ్) ప్రాజెక్టులో ఎప్పట్నుంచో ఉన్న కోడ్‌ని తీసుకుని పాబ్లో గలిందో సల్గాదో, ఉకాష్ లంగా, లిసాండ్రోస్ నికోలావ్ కలిసి దీంట్లోకి తెచ్చారు. ఎడిటర్ కూడా పైథాన్‌లోనే రాసి ఉంది. ఇంతకుముందు ఈ పనంతా గ్నూ రీడ్‌లైన్ అనే లైబ్రరీ చూసుకునేది. ఇక్కడే నువ్వు నన్ను తిట్టబోతున్నావు: రీడ్‌లైన్ సెట్టింగులుండే నీ ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలుని కొత్త ప్రాంప్ట్ పట్టించుకోదు. అంటే విఐ ఎడిటర్ కీలతో దిద్దుకునే నీ విఐ మోడ్ పోయినట్టే. పైథాన్_బేసిక్_రెపిల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 పెట్టుకో, పాత ప్రాంప్టే వస్తుంది.

ఇక ప్యాకేజింగ్, అంటే దీన్ని కంపైల్ చేసి సర్వర్లలో ఎక్కించేలా కట్టడం. బయటికి కనిపించేది ప్రాంప్టే అయినా నాకు టెన్షన్ పెట్టింది దాని వెనకున్న కర్సెస్, టెర్మినల్ తెరని నడిపించే మాడ్యూల్. లైనక్స్‌లో ఈ కొత్త ఎడిటర్‌కి కర్సెస్ మాడ్యూల్ కావాలి. బిల్డ్ మెషీన్లో ఆ మాడ్యూల్‌ని కంపైల్ చేయడానికి కావలసిన ఎన్‌కర్సెస్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేకపోయినా కంపైల్ ఆగదు. ఆప్షనల్ మాడ్యూల్స్‌కి కావలసినవి దొరకలేదని లాగ్‌లో ఒక చిన్న జాబితా పడుతుంది, వేల లైన్ల మధ్యలో దాన్ని ఎవడు చూస్తాడు? కర్సెస్ మీద ఆధారపడ్డ టెస్టులు ఫెయిల్ కావు, స్కిప్ అవుతాయి. అంతా పచ్చగా కనిపిస్తుంది, ప్యాకేజీ తయారవుతుంది. తీరా ఎవరో టెర్మినల్ తెరిచి పైథాన్ అని కొడితే పైరెపిల్ (కొత్త ఎడిటర్ పేరు అదే) వాడలేను అని ఒక్క లైన్ వార్నింగ్ ఇచ్చి పాత ప్రాంప్ట్‌లోకి దిగిపోతుంది. విస్తళ్లు వేశాక ఉప్పు లేదని తెలిసినట్టు!

మా బిల్డ్ ఇమేజ్‌లో అచ్చం ఇదే జరిగింది. ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే స్పెక్ ఫైల్లో, బిల్డ్‌కి కావలసినవి రాసే బిల్డ్‌రిక్వైర్స్ కింద ఎన్‌కర్సెస్ డెవెల్ ఒక్క లైను చేర్చగానే కుదిరింది. అయినా నాకు నమ్మకం కుదరక అదే ఫైల్లో టెస్టులు నడిపే చెక్ సెక్షన్లో ఇంకో పని పెట్టించా. మామూలు స్క్రిప్టు నుంచి నడిపితే అది నిజమైన టెర్మినల్ కాదు కాబట్టి కొత్త ఎడిటర్ మొదలే కాదు. అందుకని ‘స్క్రిప్ట్’ కమాండ్‌తో ఉత్తుత్తి టెర్మినల్ ఒకటి సృష్టించి, టెర్మినల్ రకాన్ని చెప్పే టర్మ్ వేరియబుల్‌కి ఎక్స్‌టర్మ్ అని ఇచ్చి, అందులో పైథాన్ తెరిచి వార్నింగ్ వస్తే బిల్డ్ ఆపేస్తున్నాం. టర్మ్‌లో ‘డంబ్’ (ఏ హంగులూ లేని టెర్మినల్) అని ఉన్నా పాతదే వస్తుంది, నీ దగ్గర ఎప్పుడైనా కొత్త ప్రాంప్ట్ రాకపోతే ముందు అది చూడు.

సిస్టమ్‌తో పాటే వచ్చిన పైథాన్ జోలికి మాత్రం పోలేదు. ఆల్ట్‌ఇన్‌స్టాల్ పద్ధతిలో పక్కన పెట్టాం, పేరులో 3.13 అని కొడితేనే పలుకుతుంది.

తెలుగులో ఎలా ఉందని అడుగుతావని తెలుసు. ‘క్షి’ మనకి ఒక్క అక్షరం, పైథాన్‌కి నాలుగు కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఇచ్చే నంబరు): క, పొల్లు, ష, గుడి. కర్సర్ ఎక్కడుండాలో ఎడిటర్ తన లెక్కలో వేసుకుంటుంది, ఆ అక్షరం ఎంత వెడల్పు గీయాలో టెర్మినల్ తన లెక్కలో వేసుకుంటుంది. రెండూ కుదరకపోతే నువ్వు చెరిపేది ఒకటి, చెరిగేది ఇంకోటి. కొత్త ప్రాంప్ట్‌ని అనడానికేం లేదు, టెర్మినల్లో మన లిపికి ఇది పాత బాధే.

3.13 అసలు 2024 అక్టోబర్ 1న రావాలి. కొత్తగా పెట్టిన ఇంక్రిమెంటల్ గార్బేజ్ కలెక్టర్ (వాడేసిన మెమరీని కొంచెం కొంచెంగా ఖాళీ చేసేది) వల్ల కొన్ని చోట్ల వేగం తగ్గుతోందని దాన్ని వెనక్కి తీసేసి, ఆ రోజు ఇంకో రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకి ముందు పరీక్షించే వెర్షన్) వదిలి, 7న అసలుది ఇచ్చారు. ఇంత ఆఖర్లో అంత పెద్ద ముక్క పీకేయడానికి గుండె ధైర్యం కావాలి, మనవాళ్లయితే ‘తర్వాతి వెర్షన్లో చూద్దాంలే’ అనేవాళ్లు.

నీకు అసలు దెబ్బ తగిలేది ప్రాంప్ట్ దగ్గర కాదులే. పాత మాడ్యూల్స్ 19 తీసేశారు, అందులో టెల్‌నెట్‌తో వేరే మెషీన్లకి కనెక్ట్ అయ్యే టెల్‌నెట్‌లిబ్ కూడా ఉంది. నీ నెట్‌వర్క్ స్విచ్‌లకి లాగిన్ అయ్యే స్క్రిప్టులన్నీ దాని మీదే కదా నడిచేది? వాటిని మార్చేదాకా 3.12 తీసేయకు. ఈ శనివారం ఖాళీగా ఉంటే ఫోన్ చెయ్, ఇద్దరం కూర్చుని వాటిలో ఒకటి మార్చి చూద్దాం.

ఉంటా మరి.