ఈసారి హ్యాకథాన్ ఉంది, స్పాన్సర్ లేరు

మా హ్యాకథాన్ (అందరూ ఒకచోట చేరి రెండు రోజులు సాఫ్ట్‌వేర్ రాసే కార్యక్రమం) పోస్టర్ మీద స్పాన్సర్ లోగో ఏమైందని వారం రోజులుగా అడుగుతున్నారు. తీసేశాం. ఆ సంస్థతో ఒప్పందం వద్దనుకున్నది నేనే. మా చిన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేయించుకునే కస్టమర్లకీ, ఏటా వచ్చి రెండు రోజులు పైసా తీసుకోకుండా పనిచేసే వలంటీర్లకీ ఈ సంగతి నేనే చెప్పాలి.

మూడు నెలల క్రితమే మాట అనుకున్నాం. హాలు, భోజనాలు, బహుమతులు వాళ్లవి. ప్రాజెక్టులు ఎంచడం, మనుషుల్ని కూడగట్టడం మా వంతు. కాగితం మాత్రం పదిహేను రోజుల ముందు వచ్చింది. అందరూ ఇళ్లకు వెళ్లాక చదవడానికి కూర్చున్నాను. తొమ్మిదో పేజీలో, లోగో ఎంత సైజులో వేయాలో చెప్పే చోట, మధ్యలో ఒక వాక్యం ఇరికించారు: ఈ కార్యక్రమంలో తయారైన కోడ్ మీద సర్వహక్కులూ స్పాన్సర్‌వే. నాలుగుసార్లు చదివాను. పొద్దున్నే ఫోన్ చేస్తే, "అది మామూలుగా అన్నిట్లో ఉండేదేనండీ, ఎవరూ పట్టించుకోరు" అన్నారు. పట్టించుకోనిదైతే తీసేయండి అన్నాను. కుదరదన్నారు.

దీని మీద ఇంత పట్టుదల ఎందుకని మా వాళ్లే అడిగారు. మనం చేసే పనిలో చాలావరకు ఇప్పటికే ఉన్న ప్రాజెక్టుల మీదే. వాటిలో కొన్ని జీపీఎల్ కింద ఉన్నవి, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని అనుమతిచ్చే లైసెన్సు. అలాంటి కోడ్‌ని మార్చి బయటికిస్తే అదే లైసెన్సుతో ఇవ్వాలి, హక్కులన్నీ ఒక్కరికే రాసివ్వడం కుదరదు. కొత్తగా రాసేదాని సంగతి ఇంకా చిక్కు. లైసెన్సు పెట్టని కోడ్ ఇంటర్నెట్‌లో అందరికీ కనబడుతున్నా, దాన్ని వాడుకునే హక్కు అందరికీ రాదు. కాపీరైట్ ఎవరిదో వాళ్లు ఒప్పుకోవాలి. ఆ హక్కు స్పాన్సర్ చేతిలో పెడితే, రేపు ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని వాడుకోవాలన్నా వాళ్ల గుమ్మం ముందే నిలబడాలి.

2004 డిసెంబరు సునామీ తర్వాత శ్రీలంకలో వలంటీర్లు సహానా అనే సాఫ్ట్‌వేర్ రాశారు. తప్పిపోయినవాళ్ల వివరాలు, శిబిరాలు, సహాయ సామగ్రి లెక్కలు అందులో చూసుకునేవారు. కోడ్ అందరికీ వదిలేశారు కాబట్టి మరుసటి ఏడాది పాకిస్తాన్ భూకంపానికీ దాన్నే వాడగలిగారు. కూలిన ఇళ్ల కింద మనుషులుండగా ఎవరి అనుమతి కోసమో ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవడం నేను ఊహించలేను.

అయినా సంతకం పెట్టేద్దామని రెండు రోజులు అనుకున్నాను, దాచడమెందుకు. అప్పటికే పేర్లిచ్చినవాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి. స్పాన్సర్ వెళ్లిపోయారంటే మాకు చేతకాలేదనుకుంటారని కూడా భయపడ్డాను. చివరికి స్పాన్సర్ రాసిన మెయిల్‌లో, మీలాంటి చిన్నవాళ్లకు ఈ పట్టింపులు అవసరమా అన్న మాట ఉంది. అది ఇంకా గుచ్చుకుంటోంది. చిన్నవాళ్లమే. మేం పిలిస్తే వచ్చినవాళ్ల శ్రమను వాళ్లకు చెప్పకుండా ఇంకొకరికి రాసిచ్చేంత చిన్నవాళ్లం కాము.

నిరుడు చూపులేని ఒకావిడ మా ఫారం ఒకటి పరీక్షించడానికి వచ్చారు, గుర్తుందా? తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అని మూడుసార్లు పలికి ఊరుకుంది. ఏ బటన్ ఏం చేస్తుందో దానికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. పక్కనే కూర్చున్న కుర్రాడు మూడింటికీ లేబుల్ పెట్టాడు. ఇరవై నిమిషాల పని. మళ్లీ వినిపిస్తే ఈసారి "దరఖాస్తు పంపండి" అంది. ఆవిడ ఆ బటన్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక నిమిషం మాట్లాడలేదు. ఆ ఇరవై నిమిషాలు ఎవరి సొత్తు అన్నది తేలాకే వద్దని రాసేశాను.

తర్వాత ఇంకొకరు బహుమతులు మాత్రం ఇస్తామన్నారు. ఏ షరతూ లేదు. అదీ వద్దన్నాను, దీనికి మా ఆఫీసులో నాతో ఒక్కరూ ఏకీభవించలేదు. కానీ 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో (ఇలాంటి ప్రాజెక్టులకు సాయం చేయమని అక్టోబరు నెలంతా జరిపే కార్యక్రమం) ఏమైందో చూశాం. నాలుగు పుల్ రిక్వెస్టులకు (ఈ మార్పు చేర్చుకోండని ప్రాజెక్టుకు పంపే వినతి) ఒక టీషర్టు అనేసరికి, రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో, ఒక్క మాట మార్చి పంపినవి కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిని ఏరి పారేసే పని మెయింటైనర్ల, అంటే ప్రాజెక్టులు నడిపేవాళ్ల, నెత్తిన పడింది. నెల మొదట్లోనే నిర్వాహకులు నియమం మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. మన మెయింటైనర్లకు ఆ గతి పట్టనివ్వను.

తేదీలు మారలేదు. హాలు బదులు మా ఆఫీసులోనే, అరవై మందికి బదులు ముప్పై మందితో, రాత్రి జాగారం లేకుండా. ముందు పేరిచ్చినవాళ్లకు ముందు చోటు, మిగతావాళ్లు ఇంటి నుంచి చేరవచ్చు. ప్రతి ప్రాజెక్టు దగ్గరా దాన్ని నడిపే మనిషి ఒకరు కూర్చుంటారు. లైసెన్సు ఫైలు లేని రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉంచే చోట) ఒక్క కమిట్, అంటే ఒక్క మార్పు కూడా పడదు. కస్టమర్లు కంగారు పడొద్దు, ఆ రెండు రోజులూ మీ ఫోన్లు ఎత్తడానికి ఇద్దరిని విడిగా పెట్టాను.

నిరుటి ఆ ఫారం ఈసారి కూడా జాబితాలో ఉంది. తప్పు నింపితే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వస్తుంది గానీ స్క్రీన్ రీడర్ దాన్ని చదవట్లేదు. ఎవరైనా పట్టుకోండి. శనివారం ఉదయం తొమ్మిదికి ఆవిడ వస్తానన్నారు.