ముందు రక్త నమూనా, తర్వాతే ప్రెస్ మీట్

రాష్ట్ర హోం మంత్రి గారికి నమస్కారాలు.

పేరున్న ఆటగాడు కేసులో ఇరుక్కుంటే మొదటి రోజే పోలీసులు మైకుల ముందు పడే తొందర ఉందే, దాని దెబ్బ విచారణలో తగులుతుంది. ఆయన తాగి కారు నడిపి ఒకరిని గుద్దాడనుకోండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వర్తిస్తుంది. ఒంట్లో అది గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతుంది. 80 ఉన్న మనిషిని, బయట కెమెరాలు సర్దుకునేదాకా నాలుగు గంటలు స్టేషన్లో కూర్చోబెడితే మిగిలేది 20! పైగా 185 కింద అరెస్టు చేస్తే 2 గంటల్లో వైద్యపరీక్ష జరగాలి, లేకుంటే వదిలేయాలి. సూది గుచ్చేచోట స్పిరిట్‌తో తుడవకూడదు. సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉండాలి. లేదంటే రక్తం నిల్వలో పులిసి ఆల్కహాల్ పుట్టిందని మాలాంటి లాయర్లమే వాదిస్తాం.

ఇక ముసుగు సంగతి. స్టార్ ముఖం ఊరందరికీ తెలుసు, దానికి నల్లగుడ్డ దండగ. కప్పాల్సింది పక్కనున్న స్నేహితుల ముఖాలు. కొట్లాట కేసుల్లో సాక్షులకు కొత్తవాళ్లు వాళ్లే. టీవీలో ఒకసారి కనబడ్డాక సాక్షి నిందితుణ్ణి నలుగురిలోంచి గుర్తుపట్టేందుకు మేజిస్ట్రేటు పెట్టే గుర్తింపు పరేడ్‌కు విలువ పోయినట్టే.

"నేరం ఒప్పుకున్నాడు" అన్న ప్రకటనా అంతే. పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు, దానివల్ల వస్తువేదైనా దొరికితే ఆ మేరకు తప్ప, భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. జనం మాత్రం అదే తీర్పనుకుంటారు. క్రికెటర్ శ్రీశాంత్‌ను ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో 2013 మేలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసి ప్రెస్ మీట్ పెట్టారు. 2015 జులైలో కోర్టు అభియోగాల దశలోనే ఆయన్ను కేసు నుంచి తప్పించింది.

పేరు రెండోవైపూ కోస్తుంది. హత్య కేసులో రెజ్లర్ సుశీల్ కుమార్ బెయిల్‌ను 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు రద్దు చేసినప్పుడు ఆయన పలుకుబడి, సాక్షులు ఎదురుతిరగడం లెక్కలోకి వచ్చాయి. అందుకే సాక్షుల పేర్లు ప్రెస్ మీట్లో చదవొద్దు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ చెప్పే సాక్షి రక్షణను వాంగ్మూలం తీసుకున్న రోజే అడగాలి.

మేం కోరేది కమిషనరేట్లకు ఒక సర్క్యులర్. అరెస్టు సమయం, సెక్షన్లు, ఏ కోర్టులో హాజరుపరుస్తారు, ఇంతే కాగితం మీద ఇవ్వాలి. స్టేషన్ ముందు అభిమానులు గుమిగూడితే మనిషిని వెనక గేటు నుంచి పెద్దాసుపత్రికి పంపమనండి. ఆ కాగితం సాయంత్రమైనా ఇవ్వొచ్చు.

ఇట్లు,
విజయవాడలో క్రిమినల్ కేసులు వాదించే కొందరు న్యాయవాదులు