డబ్బా పాలు ఎవరడిగారు?

సంపాదకులకు నమస్కారం.

రెండు నెలల కిందట మా అమ్మాయికి సిజేరియన్ అయింది. రెండో రాత్రి బిడ్డ ఏడుస్తుంటే ‘పాలు పడలేదు, ఇవి పట్టండి’ అంటూ నర్సు డబ్బా పాలు కలిపి తెచ్చింది. మమ్మల్ని అడిగింది లేదు. మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా వచ్చే ముర్రుపాలే పసిగుడ్డు పొట్టకు సాధారణంగా సరిపోతాయని చెప్పినవాళ్లూ లేరు. పాలడబ్బాల ప్రచారాన్ని కట్టడి చేసే చట్టం 1992లోనే వచ్చింది మరి!

ఇంటికొచ్చాక చనుమొనలు పగిలి, పాలివ్వాలంటేనే అమ్మాయికి టెన్షన్. చివరికి మా ఊరి ఏఎన్ఎం వచ్చి, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లాలని దగ్గరుండి చూపించింది. పది నిమిషాల పని. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టేనట. ఇద్దర్ని కన్నదాన్ని, నాకే తెలియదు.

ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాల బ్యానర్లు కడతారు. ఆ పది నిమిషాలేవో ప్రతి ఆసుపత్రిలో డిశ్చార్జికి ముందే తల్లికి దక్కేలా వైద్య ఆరోగ్య శాఖ చూడాలి.

– ఒక అమ్మమ్మ, ఏలూరు