చెక్ ఇంజిన్ లైట్ ఆరిపోయింది, అందరికీ థాంక్స్

డాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజిన్ లైట్ (ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని చెప్పే లైటు) వెలిగింది, కారును షోరూమ్ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలా, బయట మెకానిక్‌కి చూపించాలా, నేనే విప్పి చూసుకోవచ్చా అని అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మిస్సింగ్ (ఇంజిన్ కుదుపు) పోయింది, పికప్ మళ్లీ వచ్చింది.

ముందుగా థాంక్స్ చెప్పాల్సింది "లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతోందా?" అని అడిగిన అక్కకి. ఆరుతూ వెలుగుతోందంటే మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుందని చెప్పి, బండి బయటికి తీయనివ్వలేదు. చిన్న రిపేరు పెద్దది కాకుండా ఆగింది ఆవిడ వల్లే.

వారంటీ ఎప్పుడో అయిపోయింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే కాయిల్స్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేవి), ప్లగ్స్ అన్నీ మార్చాలి, ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి) క్లీన్ చేయాలి అన్నారు, బండి చూడకుండానే! "ఎక్కడ చేయించాలన్నది తర్వాత, ముందు జబ్బేంటో తేలనీ అన్నా" అంటూ, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్ చదివే స్కానర్ తెచ్చిచ్చిన తమ్ముడికి ఎంత చెప్పినా తక్కువే. కోడ్ పి0301 వచ్చింది, అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం). ఇంజిన్ చల్లారాక ఒకటో కాయిల్‌ను రెండోదాని చోట, రెండోదాన్ని ఒకటో దాని చోట పెట్టించి, కోడ్ చెరిపేసి, ఉన్నచోటే స్టార్ట్ చేయించాడు. ఈసారి పి0302, అంటే రెండో సిలిండర్. కాయిల్‌తో పాటే జబ్బూ కదిలింది! కోడ్ మారకపోయి ఉంటే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాల్సి వచ్చేదట. పాత కాయిల్ మీదున్న పార్ట్ నంబరు చూసి అదే తెప్పించి బిగించాను. ఒక్క బోల్టు, ఒక్క వైరు కనెక్టరు, అంతే పని.

బ్రేక్ పని మాత్రం మీరు వద్దన్నట్టే ముట్టుకోలేదు. బ్రేక్ ఆయిల్ లైన్‌లో గాలి ఉండిపోతే పెడల్ అడుగుకి వెళ్లిపోతుందని విన్నాక నాకు అంత ధైర్యం లేదు. మార్చిన పాత ప్యాడ్లు చేతికిచ్చి చూపించే మెకానిక్ పేరు చెప్పిన బాబాయ్ గారికి నమస్కారాలు. బ్రేక్ పని ఆ మెకానిక్‌కే అప్పగించాను. ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) ఒకటి పెండింగ్‌లో ఉంది. అది కంపెనీ ఉచితంగా చేసేదే కాబట్టి దానికి సర్వీస్ సెంటర్‌లోనే స్లాట్ తీసుకున్నాను.

తమ్ముడూ, స్కానర్ ఆదివారం తెచ్చిస్తా. ఏసీ ఫిల్టర్ ఎలా మార్చాలో అప్పుడు చూపించాలి మరి.