జవాను నోట యుద్ధం

సంపాదకులకు,

ఏటా డిసెంబర్ 16న మీ పత్రికలో అదే ఫోటో వస్తుంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతుంటే పక్కన మన జనరల్ అరోరా. కింద 93 వేల మంది పాకిస్తానీలు లొంగిపోయారన్న లెక్క. బాగానే ఉంది. ఆ 13 రోజులూ బురదలో నడిచినవాళ్ల మాట మాత్రం ఎక్కడా ఉండదు.

మా పెదనాన్న ఆ యుద్ధానికి వెళ్లొచ్చారు. కాల్పుల గురించి అడిగితే మాట మార్చేస్తారు. చెప్పేదల్లా రాత్రిళ్లు పొలంగట్ల మీద నడక, తడి బూట్లలో నాని చర్మం ఊడిన పాదాలు, జేబులో పొడైపోయిన శక్కర్‌పారా అనే తీపి బిళ్లలు. ఇప్పటికీ అరుగు మీద కూర్చుని కాలివేళ్ల సందులు ఒక్కొక్కటే తుడుచుకుంటారు. చిన్నప్పుడు మాకు నవ్వొచ్చేది.

యుద్ధం నుంచి ఆయన రాసిన ఉత్తరాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మనవలు ఒడియా బడిలో చదివారు, ఆ తెలుగు చదవలేరు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇదో తంటా.

ఆనాటి కుర్రాళ్లకి ఇప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. గజపతి, గంజాం జిల్లాల విలేకరులను పంపి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చువేయండి. మా పెదనాన్నకి సాయంత్రాలైతే ఓపిక ఉంటుంది. కాస్త గట్టిగా మాట్లాడాలి, అంతే.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి