కమ్యూనిటీ కాలేజీల్లో భాషల తరగతులను కాపాడుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పరభాషల బోధనకు అందే ప్రభుత్వ నిధుల ప్రస్తావన వస్తే మన తెలుగువారి దృష్టి విశ్వవిద్యాలయాల మీదికే పోతుంది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో కలవరపడిన అమెరికా, మరుసటి ఏడాది చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం ద్వారా భాషలకు కేంద్ర నిధులు కేటాయించింది; తెలుగు కూడా కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఆ అండతోనే నిలదొక్కుకుంది. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలకు మాత్రం ప్రధాన ఆధారం రాష్ట్ర నిధులు, స్థానిక ఆస్తి పన్నే.

నేను ఉంటున్న కాలిఫోర్నియాలో కోర్సు యూనిట్‌కు 46 డాలర్ల ఫీజుతో రాష్ట్రవాసులెవరైనా భాష నేర్చుకోగల చోటు ఈ కాలేజీలే. సాయంత్రం స్పానిష్ తరగతిలో నా పక్కన నర్సింగు చదివే అమ్మాయి, ఇళ్ల పైకప్పులు వేసే పనివాడు, కోడలి తల్లిదండ్రులతో నాలుగు మాటలాడాలని వచ్చిన పెద్దాయన కూర్చునేవారు. రెండో స్థాయికి తగినంతమంది చేరలేదని సెమిస్టర్ మొదలవడానికి వారం ముందు తరగతి రద్దు చేశారు. గంటల లెక్కన జీతం తీసుకునే మా టీచరుగారికి ఆ సంపాదన అంతటితో పోయింది. పై స్థాయికి వెళ్లేకొద్దీ విద్యార్థులు తగ్గడం ఏ భాషలోనైనా ఉన్నదే. తలల లెక్క ఒక్కటే చూస్తే పలకరింపులు దాటి ఎవరికీ భాష రాదు.

అదే ఆవరణలో అప్పుడు కొత్త భవనం లేస్తోంది. నాకు కోపం వచ్చిన మాట నిజమే గాని, తప్పు కాలేజీది కాదు. 2000లో ఓటర్లు ఆమోదించిన 39వ ప్రతిపాదన ప్రకారం స్థానిక ఓటర్లలో 55 శాతం ఒప్పుకుంటే భవనాల కోసం బాండ్ల రూపంలో అప్పు తెచ్చుకోవచ్చు, కానీ ఆ డబ్బును అధ్యాపకుల జీతాలకు వాడకూడదు. అందుకే గదులకు కొదవ లేకపోయినా, వాటిలో పాఠం చెప్పేవారికి ఇవ్వడానికి డబ్బుండదు.

పై స్థాయి భాషా తరగతులకు కనీస సంఖ్య నిబంధనను సడలించి, ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక నిధితో భర్తీ చేయాలి. ఈ కాలేజీల పాలకమండళ్లను స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. వాటి బహిరంగ సమావేశాల్లో ఓటు హక్కు లేనివారు కూడా మాట్లాడవచ్చు. బడుల్లో తెలుగు పెట్టమని అర్జీలు తిప్పే మనవాళ్లలో ఇల్లున్న ప్రతి ఒక్కరూ ఆస్తి పన్ను కడుతున్నారు. బడ్జెట్ చర్చకు వచ్చే రోజున మనం కూడా వెళ్లి, స్పానిష్ తరగతి కోసమైనా సరే, రెండు నిమిషాలు మాట్లాడి రావాలని మనవి.

— ఒక పాఠకుడు, కాలిఫోర్నియా